ఎర్రదుమ్ము పట్టిన కెమెరా

కిరందుల్,
6 జనవరి 2019

గంగారత్నానికి,

వదిన దీవెనలు. చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరం రాయడమేమిటని మీ ఆయన రాజలింగంగారు నవ్వుతారు. నవ్వనీ. నీతో ఇక ఫోన్లో మాట్లాడకూడదని నిశ్చయించుకున్నాను. ఎందుకో చివర్లో రాస్తాను. ముందు జరిగింది జరిగినట్టు చదువు.

మా పక్క క్వార్టర్ దేవుడమ్మ నీకు తెలుసు. వాళ్ళ కోళ్ళగూడు, మా బట్టలుతికే రాయి ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో నడుమెత్తు గోడ. దసరా దాటాక దాని కోళ్ళు ఒక్కొక్కటే మాయమవుతున్నాయట. అడవిపిల్లో, ముంగిసో అనుకుంటాం కదా. దేవుడమ్మ అలా అనుకోలేదు. బచేలి నుంచి మనిషిని పిలిపించి, వెనక చూరు కింద కెమెరా పెట్టించింది. దాని మూతి గూటివైపు ఉందా? లేదు. గూడు ఒక మూల, మిగతాదంతా నా పెరడు. నా ఉతుకురాయి, దండెం, కుళాయి, నేను తలంటు పోసుకుని జుట్టు ఆరబెట్టుకునే మెట్టు, అన్నీ అందులోనే.

పైగా కాలనీ ఆడవాళ్ళ ముందు, "గోడ దూకీవోళ్ళు ఎవురో ఇప్పుడు తెలిసిపోతాది" అంది. నా వైపు చూసే అంది. అప్పటి నుంచి ఒక్క కోడీ పోలేదట. దాంతో మరీ రుజువైపోయినట్టు మాట్లాడుతోంది.

మీ అన్నయ్య జూన్‌లో రిటైరవుతున్నారు. ఈ గనుల్లో ముప్ఫై ఏళ్ళు పైన చేసి, ఎవరిచేతా ఒక్క మాట అనిపించుకోలేదు. దొంగ అనే మాట మోసుకుని నేనీ కాలనీ వదలను. దేవుడమ్మ నోటితోనే తప్పొప్పించాలి. దాని కెమెరా దానిచేతే దింపించాలి. అప్పటిదాకా నాకు మనశ్శాంతి లేదు.

మీ బట్టల కొట్లో కెమెరాలున్నాయి కదా. దీనికి చట్టం ఏమంటుందో కనుక్కుని రాయి.

ఇక ఫోన్ సంగతి. దేవుడమ్మ చేపల పులుసు గురించి పోయిన ఆదివారం నీతో ఒక మాటన్నాను. నీతో తప్ప ఇంకెవరితోనూ అనలేదు. మర్నాడు గోడ మీద చేతులు పెట్టి అది అడిగింది: "ఏటి తాయారూ, నా పులుసు కుడితినీళ్ళ నాగుంటాదా?" గంగా, దానికి నీ నంబరు ఎప్పుడిచ్చావు? మీ ఇద్దరి మధ్య ఏం నడుస్తోంది?

నీ జవాబు చూశాకే మనిద్దరి సంగతి తేల్చుకుంటాను.

వదిన,
తాయారమ్మ

*

భోపాల్‌పట్నం,
14 జనవరి 2019

వదినకి,

గంగ నమస్కారాలు. నీ ఉత్తరం చదివి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. దేవుడమ్మ నంబరు నా దగ్గర లేదు, నా నంబరు ఆవిడ దగ్గర లేదు. నువ్వు ఫోన్ ఎక్కడ నిలబడి మాట్లాడతావో గుర్తు చేసుకో. ఇంట్లో సిగ్నల్ రాదని పెరట్లో కుళాయి దగ్గరకి వెళ్తావు. సరిగ్గా ఆ కెమెరా కిందే! ఈ రోజుల్లో కెమెరాలకి కళ్ళే కాదు, చెవులు కూడా ఉంటాయి. మా కొట్లో మొదట అలాంటిదే బిగించారు. గల్లా దగ్గర నేనూ మా ఆయనా తగవులాడుకున్నది సాయంత్రం మా మామగారు తీరిగ్గా విన్నారు. మర్నాడే చెవి ఆపించాను.

నన్ననుమానించినందుకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. కానీ పని ముందు.

బీజాపూర్ వకీలుగారు మాకు చెప్పినది రాస్తున్నాను. ఇంటి కెమెరాలకంటూ విడిగా చట్టం లేదు. తన గుమ్మం, తన గూడు, తన గోడ చూసుకునే హక్కు ఎవరికైనా ఉంది. పక్కవాళ్ళ పెరట్లోకి పెట్టే హక్కు లేదు. మన ఇంటి గుట్టు మన హక్కని పెద్ద కోర్టే చెప్పింది. ఆడవాళ్ళు స్నానం చేసే చోట, బట్టలు మార్చుకునే చోట పట్టుకుంటే అది నేరం, జైలు దాకా వెళ్తుంది. పక్కవాళ్ళ మాటలు రికార్డు చేయడం ఇంకా చెడ్డ పని. పైగా మీది కంపెనీ క్వార్టర్. గోడకి మేకు కొట్టాలన్నా ఎస్టేట్ ఆఫీసు అనుమతి ఉండాలి. ఆవిడ తీసుకుందా?

ముందు నెమ్మదిగా అడుగు. వినకపోతే కాగితం మీద అడుగు. అప్పటికీ వినకపోతే ఆఫీసుకి వెళ్ళు. ఈ వరస తప్పించకు.

మా ఆయన మాట కూడా రాయమన్నారు: "ఏంది, మీ వదిన కెమెరాతో కొట్లాడుతున్నదా? దాని మెడ జర అటు తిప్పమనుండ్రి, అయిపాయె."

ఆ కెమెరా కింద నువ్వెలాగూ మాట్లాడలేవు కాబట్టి ఉత్తరాలే రాసుకుందాం. మద్దేడ్ దగ్గర రోడ్డు పనుల వల్ల బస్సులు ఆలస్యమవుతున్నాయి, టపా కూడా.

నీ మరదలు,
గంగారత్నం

*

కిరందుల్,
23 జనవరి 2019

గంగకి,

వదిన దీవెనలు. అనుమానించాను, పొరపాటే. ఆ విషయం అంతటితో ముగిసింది. అయినా ఆ పులుసు కుడితినీళ్ళే.

నువ్వు చెప్పిన వరసలోనే వెళ్ళాను. గోడ దగ్గర నిలబడి, మర్యాదగానే, "దేవుడమ్మా, నీ కెమెరా కొంచెం గూటివైపు తిప్పుకో. చెవి కూడా ఆపించు" అన్నాను.

"నా గోడ, నా కెమెరా. నీకేటి నొప్పి? నువ్వేటి సేత్తన్నావో దాసుకోవాల్సినంత పని నీ పెరట్లో ఏటున్నాది?"

"నేను తలంటు పోసుకుంటాను."

"పోసుకో. నీ తల సూడ్డానికేనా నేను కెమెరా కొన్నాను? నా కోళ్ళు సూడ్డానికి."

"నీ కోళ్ళు నా తల మీద ఉన్నాయా?"

ఇంతలో వాళ్ళాయన సన్యాసిరావు బయటికొచ్చాడు. మమ్మల్నిద్దర్నీ చూసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో బుద్ధున్నది ఆయనొక్కడికే.

కాగితం రాసి గుమ్మంలో ఇచ్చాను. దాంతో పొయ్యి రాజేసింది. నాకు కనబడేలా రాజేసింది. ఎస్టేట్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి బాబు నేను చెప్పిందంతా విని, "మేడమ్, ఆవేదన్ లిఖ్‌కే దీజియే, ఐసే బోల్‌నే సే కుఛ్ నహీ హోగా" అన్నాడు. నోటిమాట చాలదట, అర్జీ రాసిచ్చాను. పెరడు బొమ్మ గీసి, కెమెరా ఎక్కడ, నా ఉతుకురాయి ఎక్కడ, చూపు ఎటు పడుతుందో గీతలు పెట్టి మరీ ఇచ్చాను. సాబ్ రాయ్‌పూర్ వెళ్ళారట. వచ్చాక చూస్తారట. ఎప్పుడొస్తారో ఆ సాబ్‌కే తెలియాలి.

అందుకని నా దారి నేను చూసుకున్నాను. మీ అన్నయ్య డ్యూటీ బట్టలు నీకు తెలుసు కదా. లోడింగ్ ప్లాంట్ నుంచి వస్తే చొక్కా చొక్కాలా ఉండదు, ఇనుపరాతి ఎర్రదుమ్ము గడ్డకట్టి నిలబడుతుంది. ఇన్నాళ్ళూ వీధి కాలువ దగ్గర దులిపేదాన్ని. ఇప్పుడు నా పెరట్లో, నా రాయి మీద, కెమెరాకి ఎదురుగా నిలబడి కర్రతో బాదుతున్నాను. గాలి అటే వీస్తుంది. ముందుగా బీరపాదుకి పైపుతో నీళ్ళు పడతాను. పాదు చూరు దాకా పాకింది కాబట్టి పైపు కొంచెం పైకెత్తక తప్పదు. తడి మీద దుమ్ము పడితే ఏమవుతుందో గనుల ఊళ్ళో పుట్టినదానివి, నీకు వేరే చెప్పాలా?

మీ అన్నయ్య వసారాలో కూర్చుని, "ఏటే, ఆ గాజుకన్నుతో నీకేటి యుద్ధం?" అని నవ్వారు. కెమెరాకి చెవి ఉన్న సంగతి ఆయనకి చెప్పలేదు. చెబితే మర్నాడు క్యాంటీన్లో కథ చెప్పి అందర్నీ నవ్విస్తారు. నాకిది నవ్వులాట కాదు.

చెవి ఉందని తెలిశాక నేనే దాని కింద నిలబడి దేవుడమ్మకి వినిపించాల్సినవన్నీ వినిపిస్తున్నాను. వినాలనే కదా పెట్టుకుంది. విననీ.

వదిన,
తాయారమ్మ

*

భోపాల్‌పట్నం,
3 ఫిబ్రవరి 2019

వదినకి,

గంగ నమస్కారాలు. దుమ్ము సంగతి చదివాక నాకు భయం పట్టుకుంది. ఆవిడ చేసింది తప్పే. కానీ ఆవిడ వస్తువు పాడుచేస్తే తప్పు నీ వైపుకి మళ్ళుతుంది. పాదుకి నీళ్ళు పట్టానంటే ఆఫీసులో ఒకసారి నమ్ముతారు, రోజూ నమ్మరు. నువ్వు తిట్టేవన్నీ ఆ పెట్టెలో భద్రంగా ఉంటాయి, అది కూడా మరిచిపోకు. రికార్డు నెలరోజుల దాకా నిలబడి, తర్వాతే పాతదాని మీద కొత్తది పడుతుంది.

ఇంకో మాట. ఆ కెమెరా ఏనాటికైనా నీకే పనికి రావచ్చు. నిరుడు మా కొట్లో చీరల మూట పోయిందని మా దగ్గర కుట్టుపని చేసే కోసిని అందరూ అనుమానించారు. పాపం, ఆ పిల్ల తిండి మానేసింది. మూట తీసింది బయటి మనిషని కెమెరాలోనే తేలింది. కన్ను మూయించకు వదినా. పక్కకి తిప్పించు, చాలు.

అన్నయ్య మొన్న మా ఆయనకి ఫోన్ చేసి, నాటుకోడి పులుసులో గసాలు ఎప్పుడు వేయాలి, ముదురుకోడైతే ఎంతసేపు ఉడకాలి అని అడిగాడట. యూరిక్ యాసిడ్ అని డాక్టరు మాంసం మాన్పించాడన్నావు, మళ్ళీ తినమన్నాడా? కాలివేళ్ళ వాపు తగ్గిందా?

నీ మరదలు,
గంగారత్నం

*

కిరందుల్,
13 ఫిబ్రవరి 2019

గంగకి,

వదిన దీవెనలు. నువ్వు ఎవరి ఆడపడుచువో ముందు తేల్చుకో. నాకు బుద్ధులు చెబుతావు, దానికి కన్ను మూయించకు అంటావు. దేవుడమ్మే నీకు వదిన అయినట్టుంది.

నేను గెలిచాను, అందుకే రాస్తున్నాను. మొదట్లో ఆదివారం ఆదివారం స్టూలెక్కి కెమెరా తుడుచుకునేది. ఇప్పుడు మానేసింది. అద్దం మీద అట్టకట్టి ఇటుకముక్కలా ఉంది. దాని ముందు తలంటు పోసుకున్నాను, జుట్టు ఆరబెట్టుకున్నాను, మీ అన్నయ్య బనీన్లు వరసగా ఆరేశాను. ఓడిపోయిన మనిషిలా గూటి దగ్గర కూర్చుని నన్నే చూస్తూ ఉంటుంది.

ఒక్కటే చిక్కు. కోళ్ళు మళ్ళీ పోతున్నాయట. దాని కెమెరా మూసుకుపోయినప్పటి నుంచే పోతున్నాయట. ఊరంతా అదే మాట. వెనక సందు కుళాయి దగ్గర అది నాతో, "కన్ను మూసినోళ్ళే కోడిని పట్టుకెళ్తన్నారు, నాకు తెలీదా" అంది. నేను బిందె కింద పెట్టి, "నా ఇంట్లో మూడేళ్ళుగా మాంసం ఉడకలేదు, వచ్చి గిన్నెలు వాసన చూసుకో" అన్నాను. "గిన్నెలు కాదు, మనుషుల్ని వాసన సూడాల" అంది. ఈ మాటకి దాన్ని ఊరికే వదలను. జూన్ లోపల కాలనీ నడిబొడ్డున క్షమాపణ చెప్పిస్తాను.

మీ అన్నయ్యకి మాంసం ఇప్పటికీ లేదు. ఆయన పథ్యం నేనే చూస్తున్నాను. పొద్దున జావ, మధ్యాహ్నం సొరకాయో బీరకాయో, రాత్రి రొట్టె. పాపం ఒక్క మాట అనకుండా తింటారు. సాయంత్రాలు మాత్రం ఆకలి లేదంటున్నారు, వయసు కదా. గసాలు అడిగారంటావా? రిటైర్మెంటు రోజున సెక్షన్ వాళ్ళందరికీ విందు పెడదామని ఆయన కోరిక. తను తినలేకపోయినా నలుగురికి పెట్టాలని ఇప్పటి నుంచే కనుక్కుంటున్నారు. చదివి నాకు కళ్ళు చెమర్చాయి. ఆయన మనసు అలాంటిది.

వదిన,
తాయారమ్మ

*

భోపాల్‌పట్నం,
24 ఫిబ్రవరి 2019

వదినకి,

గంగ నమస్కారాలు. ఇకమీదట సలహాలివ్వను. దేవుడమ్మ నాకు వదినట! సరే.

నీ గొడవ వల్ల మా ఇంట్లో ఒక మంచి జరిగింది, అది మాత్రం రాస్తాను. నీ ఉత్తరం చదివాక మా కొట్లో కెమెరాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. కోసి జాకెట్లు కుట్టే గదిలో, కొలతలిచ్చే మూలకి ఎదురుగా ఒకటుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదు. కోసిని అడిగితే, "అక్కా, అందుకే నేను కొలతలు తలుపెనక తీసుకుంటున్న" అంది. తలదించుకున్నాను. ఆ పూటే పీకించాం. గుమ్మంలో 'ఈ కొట్టులో కెమెరాలున్నాయి' అని తెలుగులోనూ హిందీలోనూ బోర్డు పెట్టించాం. కెమెరా ఉన్నచోట ఉందని చెప్పాలి, లోపల ఉండేవాళ్ళకి తెలిసి ఉండాలి. అది న్యాయం.

అన్నయ్య విందు కోరిక గురించి చదివి మా ఆయన చాలాసేపు నవ్వారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. కోడిమాంసం దగ్గర అన్నయ్య ఎలాంటివాడో మీ పెళ్ళికి ముందే నేను చెప్పి ఉండాల్సింది.

గంగారత్నం

*

కిరందుల్,
11 మార్చి 2019

గంగా,

అలక పక్కన పెట్టు. మీ అన్నయ్య మీద దొంగతనం కట్టారు.

శివరాత్రి ముందు శనివారం సాయంత్రం లోడింగ్ ప్లాంట్ దగ్గర రాగి కేబుల్ కోసుకుపోయారు. పొద్దుగూకే వేళ భుజాన గోనెసంచి వేసుకుని రైలుపట్టా పక్కన వెళ్తున్న మనిషిని గార్డు చూశాడు. పిలిస్తే ఆగలేదట. నడక పైడిరాజుబాబుదే అన్నాడు. మీ అన్నయ్య కాలు కొంచెం ఈడుస్తారు కదా, కాదనేందుకు లేదు. సంజాయిషీ నోటీసు వచ్చింది. నెలాఖరులోపు ఎంక్వైరీ. తేలకపోతే సస్పెన్షన్, ఆ తర్వాత పింఛనుకి కూడా ఎసరే. ఇన్నేళ్ళ పేరు పోతుంది.

ఆయన్ని అడిగాను. "ఆ సాయంత్రం ఎక్కడున్నారు?"

"ఇంట్లోనే ఉన్నాన్రా బాబూ."

"నేను భజనకి వెళ్ళాక?"

"ఇంట్లోనే."

"మరి గార్డు చూసింది?"

"ఆడికి సాయంత్రమైతే కళ్ళు కనపడవు."

నా మొహం చూడకుండా చెప్పారు. భయపడ్డారు, పాపం. తినడం కూడా మానేశారు. నేనేమో ఇంట్లో లేను, సాక్షి లేదు. ఇంట్లోనే ఉన్నాడని చెప్పగలిగింది లోకంలో ఒక్కటే. ఆ కెమెరా. దాని కంటికి మట్టి కొట్టింది నేను.

గంగా, దానిలో ఏమైనా మిగిలి ఉంటుందా? ఎలా అడగాలి? నేనడిగితే ఆ మనిషి ఇస్తుందా?

తాయారమ్మ

*

భోపాల్‌పట్నం,
14 మార్చి 2019

వదినా,

నీకు ఫోన్ కలవడం లేదు. పొద్దున బస్సు డ్రైవరు చేతికి ఈ కాగితం ఇస్తున్నాను. వకీలుగారిని అడిగాను. బొమ్మ పోయినా శబ్దం ఉండొచ్చు. దుమ్ము కంటికి పడుతుంది, చెవికి అంత పట్టదు. ఒక్క రోజు కూడా ఆగకు. నెల దాటితే దాని మీద కొత్తది పడి చెరిగిపోతుంది. ఆ సాయంత్రంది విడిగా తీసి పెట్టమని రాతపూర్వకంగా అడుగు. ముక్క కోసింది పనికిరాదు, మొదటి నుంచి చివరిదాకా ఉండాలి. ఆ పెట్టె నాదే, ఇది అందులోదే, దీన్ని మార్చలేదు అని దేవుడమ్మ సంతకం చేసిన కాగితం కూడా కావాలి. అది లేకపోతే పై ఆఫీసుల్లో ఒప్పుకోరు.

కాళ్ళు పట్టుకోవాల్సి వస్తే పట్టుకో. అన్నయ్య కోసం.

గంగ

*

కిరందుల్,
30 మార్చి 2019

గంగకి,

వదిన దీవెనలు. మీ అన్నయ్య బయటపడ్డారు. కేబుల్ దొంగ కాదని ఎంక్వైరీలో తేలింది. పింఛను నిలబడింది. ఇది ముందు చదివి ఊపిరి తీసుకో. మిగతాది మెల్లగా చదువు.

నీ కాగితం అందిన పూటే దేవుడమ్మ గుమ్మం ఎక్కాను. చేతిలో నా అర్జీ. అది తలుపు తీసి, కాగితం వైపు చూడను కూడా చూడకుండా, "ఆ శనివారందేనా? తీసి పెట్టాను. రా, కూకో" అంది. 

"ముందే తీసి పెట్టావా?"

"అద్దం తుడవడం ఎందుకు మానేసాననుకున్నావు? మోకాళ్ళ నొప్పనా? మట్టి కొట్టీసినోళ్ళు ధైర్యంగా తిరుగుతారని. కన్ను నువ్వు మూసీసినావు, చెవి నేను తెరిచే ఉంచినాను. రోజూ ఇంటన్నాను."

టీవీకి తగిలించింది. తెరంతా ఎర్రగా ఉంది, ఇటుకబట్టీ గోడలా. మూలన తేదీ, టైము. ముందుగా నా గొంతు. నేను దేవుడమ్మని, దాని పులుసుని, దాని పుట్టింటిని అన్నవన్నీ. మేమిద్దరం పక్కపక్కన కూర్చుని విన్నాం. ఒకచోట, "ఇది బాగా అన్నావు" అంది. తర్వాత మా వెనక తలుపు గొళ్ళెం, నేను భజనకి బయల్దేరిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. ఆ పైన మీ అన్నయ్య గొంతు, నన్నెప్పుడూ పిలవనంత ముద్దుగా:

"రావే నా బంగారుతల్లీ. రా, రా. బెదిరిపోకు. మా ఆవిడ పుణ్యమాని ఆ కెమెరాకి గుడ్డితనం వచ్చీసింది."

కోడి ఒక్క అరుపు అరిచింది. సంచి సర్దిన చప్పుడు. తర్వాత ఫోన్లో: "భీమా, చూల్హా జలావ్, ఆ రహా హూఁ. ఈసారి గసాలు చివర్లో వెయ్యాలట, మా బావ చెప్పినాడు."

పొయ్యి వెలిగించమన్న ఈ భీమా అంటే వీళ్ళ సెక్షన్లోనే చేసి రిటైరైన మనిషి. రైలుగేటు అవతల ఉంటాడు. గార్డు చూసిన గోనెసంచిలో ఉన్నది కేబుల్ కాదు, దేవుడమ్మ పెట్ట. దసరా నుంచీ పోయినవన్నీ అక్కడే ఉడికాయి. కెమెరా పెట్టినప్పుడు మానేశారు, నేను మట్టి కొట్టగానే మొదలుపెట్టారు. నేను సొరకాయ ముక్కలు కోసి పెడుతున్నాను, ఆయనకి సాయంత్రాలు ఆకలి ఉండటం లేదు.

దేవుడమ్మ టీవీ ఆపింది. "ఇప్పుడు సెప్పు తాయారూ. ఇది ఎంక్వైరీలో పెట్టమంటావా, వద్దా? పెడితే కేబుల్ దొంగ కాదు, కోడిదొంగ. పెట్టకపోతే ఏదీ కాదు, ఉద్యోగం మాత్రం పోద్ది."

"పెట్టు. మొత్తం పెట్టు" అన్నాను. "నేను తిట్టినవి కూడా. ముక్క కోస్తే చెల్లదట."

"కొయ్యను. నాకూ అదే కావాల."

ఎంక్వైరీ సాబ్ హిందీవాడు. నా తిట్లు ఎవరో ఆయనకి తర్జుమా చేశారు. కోడి అరిచిన చోట ఆపించి, "యే ఆవాజ్ కిస్‌కీ హై?" అన్నాడు. గది వెనక నుంచి భీమా లేచి, "ముర్గీ, సాబ్. మైనే పకాయా థా" అని, వండింది తనేనని ఒప్పుకున్నాడు. సాబ్ రుమాలుతో మూతి తుడుచుకుని బయటికెళ్ళి వచ్చాడు. మీ అన్నయ్య నేలకేసి చూస్తూ నిలబడ్డారు. దేవుడమ్మ సంతకం పెట్టింది, పెన్ను నాకిచ్చింది. నేనూ పెట్టాను, ఆ గొంతు నాదేనని.

కాలనీలో ఇప్పుడాయన పేరు ముర్గీబాబు. మచ్చ పడకూడదని నేను ఎవరి పేరు కాపాడుకుంటూ వచ్చానో నీకు తెలుసు.

ఎస్టేట్ ఆఫీసు ఆర్డరు నిన్న వచ్చింది. దేవుడమ్మ కెమెరా తన హద్దులోకి తిప్పుకోవాలి, చెవి ఆపించాలి. గెలిచాను. ఆర్డరు కాగితం చూపించడానికి వెళ్తే అది అప్పటికే స్టూలు మీదుంది, కెమెరా గూటివైపు తిప్పుతోంది. నేను తడిగుడ్డతో అద్దం తుడిచాను. క్షమాపణ అది అడగలేదు, నేనూ అడగలేదు. స్నేహం కూడా కుదరలేదు. పొత్తు మాత్రం కుదిరింది. రిటైరయ్యేదాకా మీ అన్నయ్య రోజూ పొద్దున్నే, డ్యూటీ బట్టల్లోనే, ఆ గూడు ఊడ్చి మేత వేయాలి. శుభ్రంగా ఊడ్చారో లేదో కెమెరాలో చూసుకుంటుంది. వెనక సందు కుళాయి దగ్గరకి వచ్చే ఆడవాళ్ళందరూ ఆ వేళకే బిందెలు తెచ్చుకుంటున్నారు. నేనూ నా రాయి మీద కూర్చుని చూస్తున్నాను. ఈ గనుల ఊరికి వచ్చాక ఇంత తృప్తిగా ఏ పొద్దూ తెల్లారలేదు.

రాజలింగంగారు అంత సేపు ఎందుకు నవ్వారో ఇప్పుడు తెలిసింది. గసాల సంగతి ఆయనతో ఎదురుపడ్డాక తేలుస్తాను. భద్రంగా ఉండమను.

ఇక అసలు పని. మీ కొట్టుకి కెమెరాలు తెచ్చే మనిషి చేత నాకూ ఒకటి తెప్పించు. నా గోడకి, నా చూరు కింద, నా వెనక తలుపు వైపు. పక్కవాళ్ళ అంగుళం కూడా పడకూడదు, ఎస్టేట్ ఆఫీసులో అనుమతి అడిగి కాగితం తీసుకున్నాను. లోపల ఉండేవాళ్ళకి తెలిసి ఉండాలన్నావు కాబట్టి బోర్డు కూడా సిద్ధం చేశాను. మీ అన్నయ్యచేతే రాయించి, ఆయనచేతే మేకులు కొట్టించాను. "ఇంట్లో మనిషికి హక్కులేమీ ఉండవేటే?" అన్నారు. రాసివ్వమన్నాను, పరిశీలిస్తానని చెప్పాను.

ఒక్క షరతు మరిచిపోకు. చెవి ఉన్న కెమెరా మాత్రం వద్దు. జూన్ దాకా ఆయనతో నేను మాట్లాడాల్సినవి చాలా ఉన్నాయి.

వదిన,
తాయారమ్మ